ఆశ్లేష నుంచి హస్త దాకా: హైదరాబాద్ చుట్టూ వలస పిట్టల కోసం గుంపుగా వెళ్లిన అనుభవం

వలస పక్షులంటే సంక్రాంతి రోజుల్లో చెరువు నిండా బాతులే చాలామందికి గుర్తొస్తాయి. బాతుల వరకు అది నిజమే. బురదలో తిరిగే ఉల్లంకి పిట్టలు, అంటే శాండ్‌పైపర్లు, స్టింట్లు, ప్లోవర్లు అంతకాలం ఆగవు. ఇంకా వరి నాట్లు పూర్తి కాకముందే, ఆశ్లేష కార్తెలోనే మొదటివి దిగుతాయి. ఆగస్టు మొదటి వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా వారం వారం గుంపుగా వెళ్తూ మేము నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

మనకున్న పెద్ద చిక్కు నీళ్లతోనే. ఈ పిట్టలకు కావలసింది పలుచటి నీళ్లు, తడి బురద. అవి వచ్చే రోజులేమో చెరువులు నిండే రోజులు. మత్తడి దుంకుతోందంటే ఊరికి సంబరమే గానీ ఆ చెరువులో ఉల్లంకి పిట్టకు కాలు మోపే చోటు ఉండదు. పేరున్న చెరువని పదిమందిని వెంటబెట్టుకుని వెళ్తే నీటికోళ్లు, నీటికాకులు తప్ప ఏమీ కనబడని ఆదివారాలు ఇలాగే వస్తాయి. ఆ వారం నీటిమట్టం ఎంతుందో తెలుసుకున్నాకే చోటు ఖాయం చెయ్యాలి.

గండిపేట, హిమాయత్‌సాగర్‌ల మట్టాన్ని జలమండలి రోజూ చెబుతుంది. గండిపేట నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. దానికి నాలుగైదు అడుగులు తక్కువుంటే వెనకవైపు, వాగునీళ్లు వచ్చి చేరే చోట, ఒండ్రు మేట బయటపడి ఉంటుంది. అడుగులోపు తేడా ఉంటే నీళ్లు గడ్డి మొదళ్లను తాకుతుంటాయి, అక్కడికి వెళ్లి లాభం లేదు. అంకె ఒక్కటీ చూస్తే చాలదు, వారంగా పెరుగుతోందా తగ్గుతోందా అన్నది కూడా చూడాలి. మట్టం ఒకటే అయినా తగ్గుతున్న నీటి అంచున పిట్టలు ఎక్కువ ఉంటాయి. వాటికి తిండి అయిన ఎర్ర పురుగులు, దోమ జాతి లార్వాలు వారాల తరబడి నీట మునిగి ఉన్న బురదలోనే పెరుగుతాయి. నీళ్లు వెనక్కి జరిగినప్పుడు ఆ బురద కొత్తగా తెరుచుకుంటుంది. పెరుగుతున్న నీళ్లు ఎక్కేది మొన్నటిదాకా ఎండిన నేల మీదికి, అందులో తినడానికి ఇంకా ఏమీ పుట్టి ఉండదు.

చిన్న చెరువులకు ఇలాంటి లెక్కలు దొరకవు. గుంపులో ఒకరు శనివారం సాయంత్రం ఒకసారి వెళ్లి చూసి రావడం తప్ప మార్గం లేదు. పొద్దున్నే వలలు తీసే మత్స్యకారులను అడిగితే నీళ్లు ఎన్ని బెత్తెలు దిగాయో కచ్చితంగా చెబుతారు. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది గానీ, అది నిండుగా ఉన్న వారం ఒడ్డు రాళ్ల మీద కామన్ శాండ్‌పైపర్ల కోసం తప్ప వెళ్లకండి.

తర్వాత వెలుతురు సంగతి. గండిపేట లాంటి చోట నీళ్లు పడమటి నుంచి వచ్చి తూర్పున కట్ట దగ్గర ఆగుతాయి. బురద ఉండేది పడమటి కొసన. పొద్దున్నే అక్కడ నిలబడి నీళ్లవైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, ప్రతి పిట్టా నల్లటి నీడలాగే కనబడుతుంది. కాళ్ల రంగు తెలియకపోతే ఈ పిట్టల్లో సగం పేర్లు చెప్పలేం. అందుకే పొద్దున అయితే ఉత్తరం ఒడ్డునో దక్షిణం ఒడ్డునో పట్టుకుని పక్కవెలుతురులో చూస్తాం. పడమటి కొసను సాయంత్రం 4:30 తర్వాతకు ఉంచుకుంటాం, అప్పుడు సూర్యుడు మన వీపు వైపు ఉంటాడు.

చెరువులన్నీ నిండిపోయిన ఏడు దిగులు పడాల్సిన పనిలేదు, పొలాలున్నాయి. కరిగెట చేసి ఇంకా నాటు వెయ్యని మడి ఉల్లంకి పిట్టకు చెరువు కొస లాంటిదే. రెండు అంగుళాల నీళ్లు, కింద మెత్తటి బురద, నాగలికి పైకి వచ్చిన పురుగులు. ట్రాక్టర్ వెళ్లిన గంటకే వుడ్ శాండ్‌పైపర్లు దిగుతాయి. నాటు వేశాక కూడా రెండు మూడు వారాలు, మొక్క గుబురు కట్టేదాకా, వస్తూనే ఉంటాయి. పొలంలోకి వెళ్లే ముందు రైతును అడగడం మా మొదటి నియమం. "కాకా, పిట్టలు చూస్తం, ఒడ్డు మీద నడవొచ్చా?" అంటే కాదన్నవాళ్లు తక్కువ. అయితే కొత్తగా చెక్కి మట్టి మెత్తిన ఒడ్డు మీద పదిమంది నడిస్తే అది జారిపోతుంది, నీళ్లు పక్క మడిలోకి పోతాయి. అలాంటి చోట గుంపు మొత్తం బండ్లబాట మీదే ఉండాలి, స్కోపులోంచి, అంటే ట్రైపాడ్ మీద నిలిపే దూరదర్శినిలోంచి, చూడాలి. మొయినాబాద్ నుంచి చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు వెళ్తే నల్లరేగడి తగులుతుంది. వాన పడిన మర్నాడు ఆ మట్టి బూటుకు కిలో బరువు అంటుకుంటుంది, కారు చక్రం దిగితే ట్రాక్టర్‌తో లాగించాల్సిందే. వాన పడిన రాత్రి తర్వాత ఎర్రనేల ఉన్న చోటికే వెళ్తాం.

చెరువు కొసకు చేరాక ముందు స్టిల్ట్‌లను వెతకమని కొత్తవాళ్లకు చెబుతాం. పొడవాటి గులాబీ కాళ్లు, నలుపు తెలుపు ఒళ్లు, ఏడాదంతా మన దగ్గరే ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. దాని కాలే మనకు కొలబద్ద. మనకు మోకాలిలా కనిపించే కీలు నుంచి పాదం దాకా దాదాపు అయిదు అంగుళాలు. నీళ్లు ఆ కీలు దాకా ఉన్న చోట చిన్న ఉల్లంకి పిట్టలు నిలబడలేవు. అందులో సగం దాకా ఉంటే వుడ్ శాండ్‌పైపర్, మార్ష్ శాండ్‌పైపర్, గ్రీన్‌షాంక్ ఉండొచ్చు. వేళ్లు మాత్రమే తడిసే చోట స్టింట్లు, లిటిల్ రింగ్డ్ ప్లోవర్లు. ముందు స్టిల్ట్‌ను చూసి, ఏ గీత వెంట ఏది వెతకాలో తేల్చుకుంటే స్కోపును గుడ్డిగా తిప్పే పని తప్పుతుంది. ఇంకో చోటు చాలామంది దాటేస్తారు: బర్రెలు దిగి వెళ్లిన దారి. గిట్టల గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, ఒక్కో గుంటలో ఒక్కో టెమ్మింక్స్ స్టింట్ వీపు మాత్రం కనబడేలా ఒదిగి తింటూ ఉంటుంది. ఖాళీ బురద అనుకున్న చోట అయిదు నిమిషాలు చూస్తే ఏడో ఎనిమిదో తలలు పైకి లేస్తాయి.

గుంపులో 8 నుంచి 12 మందికి మించనివ్వం. స్కోపు అయిదారుగురికి ఒకటి చొప్పున ఉండాలి, లేదంటే వెనకవాళ్లకు వంతు వచ్చేసరికి పిట్ట వెళ్లిపోతుంది. బైనాక్యులర్ 8x42 అయితే చాలు. స్కోపు 20-60 జూమ్‌ది తెచ్చినా వానాకాలపు తేమగాలిలో 30 దాటిస్తే బొమ్మ వణుకుతుంది, 8:30 తర్వాత ఎండ వస్తే ఇంకా ఎక్కువ. ఒక చిన్న విషయం పొద్దుటి అరగంటను తినేస్తుంది. ఏసీ కారులోంచి దిగగానే కటకాలన్నీ మంచు పట్టినట్టు మసకబారుతాయి, తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. చేరడానికి పది నిమిషాల ముందే ఏసీ ఆపి కిటికీలు దించితే ఈ బాధ ఉండదు. ట్రైపాడ్ కాళ్ల కింద మూడు ప్లాస్టిక్ డబ్బా మూతలు పెడితే బురదలో దిగవు. తెల్ల చొక్కా వద్దు. గొడుగు అసలే వద్దు. గొడుగు ఠప్పున తెరుచుకుంటే వంద గజాల్లో ఉన్న మంద మొత్తం లేస్తుంది. గరగరలాడని రెయిన్‌కోటు వేసుకోవాలి. మోకాలి దాకా వచ్చే గమ్‌బూట్లు పొలం బాటకు మంచివే గానీ ఒండ్రులో దిగితే కాలు వస్తుంది, బూటు రాదు. కాబట్టి నీటి అంచుకు ముప్పై నలభై అడుగుల ఇవతలే ఆగిపోవాలి. గడ్డిలో ముందు నడిచేవాళ్లు కర్రతో తట్టుకుంటూ వెళ్లాలి, ఈ రోజుల్లో రక్తపింజరలు ఉంటాయి.

5:30కి కలుసుకుంటాం, 6 గంటల అటూఇటూ తెల్లవారే వేళకు ఒడ్డున ఉంటాం. ముందు ఒకరు, చివర ఒకరు, మిగతావాళ్లు మధ్యలో. ముందున్నవాళ్లను దాటి ఎవరూ వెళ్లరు. ఒడ్డు చేరగానే వరసగా నిలబడి పదిహేను నిమిషాలు కదలకుండా ఉంటాం. మొదట్లో ఇది కొత్తవాళ్లకు విసుగు, కానీ ఈ పదిహేను నిమిషాలే అన్నిటికన్నా విలువైనవి. మనం నడిచి వచ్చినప్పుడు లేచిన పిట్టలు ఇంకో చుట్టు తిరిగి మన ముందే వాలతాయి, తింటూ తింటూ దగ్గరికి వస్తాయి. వేల మైళ్లు ఎగిరి వచ్చిన, పాతిక గ్రాముల అటూఇటూ బరువున్న పిట్టను ఫొటో కోసం మళ్లీ మళ్లీ లేపడం దాని నోటి దగ్గరి కూడు లాక్కోవడమే. తీతువు అరుపు మొదలైతే మనం మరీ దగ్గరికి వచ్చామని అర్థం, నాలుగడుగులు వెనక్కి వెయ్యాలి. డేగ వచ్చి మంద లేచినా అలాగే నిలబడండి, అవి తిరిగి వస్తాయి.

పిట్ట ఎక్కడుందో పక్కవాళ్లకు చెప్పడం ఒక విద్య. "అదిగో, అక్కడ" అంటే పదిమంది పది వైపులు చూస్తారు. గడియారం లెక్క చెబుదామంటే ఎవరి పన్నెండు ఎక్కడో తేలదు. ఒడ్డుకు రాగానే అందరూ ఒక గుర్తును, అంటే అవతలి ఒడ్డున కరెంటు స్తంభమో గుడి శిఖరమో, పన్నెండుగా ఒప్పుకోవాలి. ఆ తర్వాత పెద్ద గుర్తు నుంచి చిన్న గుర్తుకు దిగాలి: "మూడో స్తంభం, దాని కింద తుంగ గుబురు, గుబురుకు ఎడమన తడి రాయి, రాయికి ఇవతల రెండడుగులు." కదిలేదాన్ని ఎప్పుడూ గుర్తుగా చెప్పకూడదు. బర్రె పక్కన అంటే, అందరూ స్కోపు తిప్పేలోగా బర్రె నీళ్లలో దిగి ఉంటుంది.

ఇక గుర్తుపట్టడం. ఆగస్టులో మూడు శాండ్‌పైపర్లే ఎక్కువ పని పెడతాయి. వుడ్ శాండ్‌పైపర్‌కు కంటి మీది తెల్ల గీత కన్ను దాటి వెనకదాకా సాగుతుంది, వీపు మీద చుక్కలు స్పష్టంగా ఉంటాయి, కాళ్లు పసుపు. లేచినప్పుడు "చిఫ్-చిఫ్-చిఫ్" అని పొడిగా అరుస్తుంది. గ్రీన్ శాండ్‌పైపర్ ముదురు రంగుది, తెల్ల గీత కంటి దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువగా ఒంటరిగా, కాలవలోనో మోరీ పక్కనో ఉంటుంది. నేల మీద అనుమానం వస్తే లేచేదాకా ఆగండి: రెక్కల అడుగు దాదాపు నలుపు, నడుము తెల్లగా మెరుస్తుంది. వుడ్‌కు నడుము తెలుపే గానీ రెక్కల అడుగు లేత రంగు, కాలివేళ్లు తోక దాటి బయటికి కనబడతాయి. కామన్ శాండ్‌పైపర్‌కు రొమ్ము తెలుపు భుజం ముందు పైకి ఎగబాకి ఉంటుంది, వెనక భాగం ఆగకుండా ఊగుతూనే ఉంటుంది, రెక్కలు బిగబట్టి నీళ్లకు ఆనుకునేంత కిందుగా ఎగురుతుంది. ఈ మూడింటిలో కొత్తవాళ్లకు ముందు ఇదే వస్తుంది.

స్టింట్ల దగ్గర కాళ్ల రంగే ఆధారం. లిటిల్ స్టింట్‌కు నలుపు, టెమ్మింక్స్‌కు పసుపు కలిసిన ఆకుపచ్చ. బురద అంటిన కాళ్లన్నీ నల్లగానే కనిపిస్తాయి కాబట్టి తప్పు ఇక్కడే జరుగుతుంది. నడక చూడండి: లిటిల్ స్టింట్ కుట్టుమిషన్ సూదిలాగా పొడుస్తూ పరుగెడుతుంది, టెమ్మింక్స్ ఒంగి నెమ్మదిగా పాకినట్టు నడుస్తుంది. ఎగిరితే టెమ్మింక్స్ తోక అంచులు తెల్లగా, అరుపు సన్నటి గిలకలాగా ఉంటుంది.

వయసు కూడా చూడటం అలవాటు చేసుకుంటే ఈ రెండు నెలలు ఇంకా రుచిగా ఉంటాయి. ముందు వచ్చేవి పెద్దవి, అరిగి చిరిగిన ఈకలతో. పిల్లలను వదిలి అవి ముందే బయల్దేరతాయి. సెప్టెంబరులో ఆ ఏడాది పుట్టిన పిల్లలు వాటంతట అవే దారి పట్టి వస్తాయి, ఈకలన్నీ ఇస్త్రీ చేసినట్టు కొత్తవి, ప్రతి ఈకకూ లేత అంచు. లిటిల్ స్టింట్ పిల్ల వీపు మీద రెండు తెల్ల గీతలు ఇంగ్లిషు వి అక్షరంలా కలుస్తాయి. రెండు మూడు నెలల కిందట టండ్రాలో గుడ్డు పగలగొట్టుకున్న ప్రాణి మన చెరువు బురదలో నిలబడి ఉందని ఆ గీతలు చూసి చెప్పగలగడం, నా మటుకు, ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద సంతోషం.

పొడవాటి ముక్కున్న ఉల్లంకి పిట్టలైన స్నైప్‌ల దగ్గర మాత్రం ఆశ తగ్గించుకోవాలి. కామన్ స్నైప్, పిన్‌టెయిల్ స్నైప్ నేల మీద కూర్చుని ఉంటే కచ్చితంగా వేరు చెయ్యడం చాలా కష్టం. ఎగిరినప్పుడు రెక్క వెనక అంచున తెల్ల గీత స్పష్టంగా కనబడితే కామన్. కనబడకపోతే ఉత్త స్నైప్ అని రాసుకోండి.

పాడే పిట్టల వరస వేరు. గ్రే వాగ్‌టెయిల్ పుబ్బ కార్తెలో, అంటే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు 13 లోపు వస్తుంది. మత్తడి కింద రాళ్ల మీద పారే నీళ్లు ఉంటే దాన్ని అక్కడే వెతకాలి. బ్రౌన్ ష్రైక్, గ్రీనిష్ వార్బ్లర్ అదే కార్తెలోనో, ఆ తర్వాతి ఉత్తరలోనో. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ పొదల అడుగున "చక్, చక్" అంటూ మొదలవుతుంది. రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ కోసం హస్త దాకా ఆగాలి. వారం అటూఇటూ జరగడం మామూలే. ఆగస్టులో చెరువు గట్టు మీద నలుపు తెలుపు జిట్టంగిని చూసి వలస వచ్చేసిందని రాసేవాళ్లు ఉంటారు, అది ఏడాదంతా ఇక్కడే ఉండే వైట్-బ్రౌడ్ వాగ్‌టెయిల్. పొలాల్లోని ప్యాడీఫీల్డ్ పిపిట్‌తోనూ ఇదే పొరపాటు.

ఈ రోజుల్లో చెట్లు ఆకులతో కిక్కిరిసి ఉంటాయి, కంటికన్నా చెవికే పని. కేబీఆర్ పార్కులోనో చిలుకూరు మృగవని పక్కనో నడిచేటప్పుడు కబుర్లు ఆపి, ఒక్కో పెద్ద వేపచెట్టు కింద మూడు నిమిషాలు నిలబడతాం. గ్రీనిష్ వార్బ్లర్ రెండక్షరాల "చిస్-లీ" పైకొమ్మల్లోంచి వినబడుతుంది. అయోరాలు, వైట్-ఐలు, బుల్బుల్‌లు కలిసి తిరిగే గుంపు ఎదురైతే వదలొద్దు, వలస వచ్చినది వాటి వెంటే ఉంటుంది. ఫోనులో అరుపు మోగించి రప్పించడం మా గుంపులో లేదు. అలసి వచ్చిన పిట్ట తిండి మానేసి పోట్లాటకు వస్తుంది, అంతే. అరుపును రికార్డు చేసుకోవడం మాత్రం మంచిది, ఇంటికి వెళ్లాక పోల్చుకోవచ్చు.

లెక్క ఒక్కరే రాస్తారు, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో జాబితా పెట్టి మిగతావాళ్లతో పంచుకుంటారు. పదిమంది పది జాబితాలు రాస్తే అవే నలభై స్టింట్లు నాలుగొందలవుతాయి. చోటు మారితే కొత్త జాబితా. చెరువు కొస, కట్ట, పక్క పొలం మూడూ కలిపి ఒకటి రాస్తే ఏది ఎక్కడ కనబడిందో తర్వాత ఎవరికీ అర్థం కాదు. మందను లెక్కపెట్టేటప్పుడు ముందు పది పిట్టలు ఎంత జాగా పట్టాయో కంటితో కొలిచి, ఆ జాగాను మంద పొడవునా పెట్టుకుంటూ పోవాలి. ఇద్దరు విడివిడిగా లెక్కించి పోల్చుకుంటే మేలు. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో చేసిన సర్వే ఇప్పటికీ పనికొస్తోందంటే ఏ పిట్ట, ఏ ఊరు, ఏ తేదీ అన్నది అందులో ఉండబట్టే.

వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా నగరంలోని చెరువులు వదిలేసి ఊళ్ల వైపు వెళ్లండి, జనం, మైకులు, క్రేన్‌ల మధ్య ఒక్క పిట్టా నిలవదు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన రోజు కింది రోడ్డు మూసేస్తారు, బయల్దేరే ముందే కనుక్కోవాలి. ఉరుము వినబడితే ట్రైపాడ్ మడిచి కార్ల దగ్గరికి నడవాలి, బయలు ఒడ్డున పొడవాటి లోహపు కాళ్లు పట్టుకుని నిలబడే సమయం కాదది. ముసురు సన్నగా పడుతుంటే మాత్రం ఇంటికి తిరిగి వెళ్లిపోవద్దు. మబ్బు వెలుతురులో నీడలు ఉండవు, బొమ్మ వణకదు, కాళ్ల రంగులు మధ్యాహ్నం దాకా స్పష్టంగా కనబడుతూనే ఉంటాయి.